స్కాట్ గానాన్ని ‘ఆలాపన’ అనవచ్చునా?

అమెరికన్ జాజ్ గాయని బెట్టీ కార్టర్ మీద వ్యాసం రాస్తున్న ఒకరు, ఆమె అర్థంలేని అక్షరాలతో పాడే స్కాట్ పద్ధతిని తెలుగులో ‘ఆలాపన’ అంటే సరిపోతుందా అని అడిగారు. ఆ మాట చెవికి ఇంపుగానే ఉన్నా, ఇక్కడ పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం.

ఆలాపనకు సాహిత్యమూ లేదు, తాళమూ లేదు. రాగస్వరూపాన్ని తీరుబడిగా విప్పి చూపడమే దాని పని. స్కాట్‌లో సాహిత్యం లేకపోయినా లయ మాత్రం ఒక్క క్షణం కూడా విడిచిపెట్టదు. వెనుక పియానో, బాస్, డ్రమ్స్ నడుస్తుండగా, పాటలో ఒకేసారి మోగే స్వరసమూహాలైన కార్డ్‌లు ఏ క్రమంలో మారుతున్నాయో మనసులో ఉంచుకొని, గాయని ఆ చట్రం లోపలే అప్పటికప్పుడు కొత్త వరుస కడుతుంది. పైగా ఆమె పలికే అక్షరాలు చాలావరకు ట్రంపెట్, సాక్సొఫోన్ వంటి వాద్యాల పలుకును అనుసరిస్తాయి. తాళబద్ధమైన మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతం కనుక, స్వరాల పేర్లతోనే పాడే కల్పనస్వరం దీనికి మరికొంత దగ్గర అనిపించవచ్చు. కాని ‘రి’ అన్నప్పుడు అక్షరమే స్వరాన్ని చెబుతుంది, స్కాట్ అక్షరానికి ఆ బాధ్యత లేదు. తిల్లానా అనే రచనలోని జతులు (లయకు పలికే అర్థంలేని అక్షరాలు) ముందే కూర్చినవి కాబట్టి ఆ పోలికా నిలవదు. అందువల్ల ‘స్కాట్’ అన్న మాటనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరించడం మేలు.

బెట్టీ కార్టర్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1929లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగిన ఆమె, 1948లో జాజ్ వాద్యకారుడు లయొనెల్ హాంప్టన్ బృందంలో చేరింది. అక్కడ ఆయన పెట్టిన ‘బెట్టీ బీబాప్’ (బీబాప్ అంటే అప్పటి వేగవంతమైన జాజ్ శైలి) అన్న ముద్దుపేరు ఆమెకు నచ్చలేదు. స్కాట్‌లో ఆమె సామర్థ్యానికి 1980 నాటి ప్రత్యక్ష కచేరీ ఆల్బంలో దాదాపు 25 నిమిషాలు సాగే అంశమే సాక్ష్యం. అయినా ఆమె శైలిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాటలున్న పాటను ఆమె నడిపించే తీరు. నెమ్మది పాటను ఇంకా నెమ్మది చేసి, ఒక్కొక్క మాటను లయకు వెనుకగా జార్చి, అందరికీ తెలిసిన వరుసను దాదాపు గుర్తుపట్టలేనంతగా మార్చి పాడుతుంది. దీన్ని ‘నెరవు’ (ఒకే సాహిత్యపంక్తిని వేర్వేరు వరుసల్లో మార్చి మార్చి పాడడం) అనాలని నాకూ అనిపిస్తుంది. అయితే నెరవులో సాహిత్యాక్షరాలు తాళంలో తమ స్థానాలను విడవకూడదన్నది సంప్రదాయం, ఆమె సొగసంతా ఆ స్థానాలను కదిలించడంలోనే ఉంది. కాబట్టి ‘నెరవును తలపించే తీరు’ అనడం వరకే న్యాయం.

అదే వ్యాసంలోని ‘స్వతంత్ర గాయని’ అన్న ప్రయోగం గురించి కూడా ఒక మాట. సినిమాలకు కాక విడిగా పాడేవారిని మనం ఇండిపెండెంట్ అంటున్నాం కనుక తెలుగు పాఠకుడికి మొదట ఆ అర్థమే తడుతుంది. కార్టర్ స్వాతంత్ర్యం వేరు. పెద్ద కంపెనీలు తన సంగీతం పట్ల ఆసక్తి చూపని కాలంలో ఆమె ‘బెట్‌కార్’ అనే సొంత రికార్డు సంస్థను స్థాపించి, 1970లలో తన ఆల్బంలను తానే విడుదల చేసింది. 1980ల చివర వెర్వ్ అనే పెద్ద రికార్డు సంస్థతో ఒప్పందం కుదిరాకనే ఆమె రికార్డులు విస్తృతంగా అందుబాటులోకి వచ్చాయి, గ్రామీ సంగీత పురస్కారం కూడా ఆ తరువాతే లభించింది. తన బృందంలోకి ఎప్పటికప్పుడు యువవాద్యకారులను తీసుకొని తీర్చిదిద్దడం కూడా ఆ స్వాతంత్ర్యంలో భాగమే. ఇంత అర్థాన్ని ఒక్క విశేషణం మోయలేదు కనుక, ‘సొంత సంస్థ ద్వారా తన రికార్డులను తానే వెలువరించిన గాయని’ అని విప్పి రాయమని నా సూచన. వాక్యం కొంచెం పొడవైనా ఫరవాలేదు.