బాలింత జుట్టు ఊడిపోతోంది, మళ్ళీ నడుం దాకా వస్తుందా?

గుణుపురం కోడలు అడుగుతోంది:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు పాలకొండ, పెళ్ళయి ఒడిశాలోని గుణుపురం వచ్చాను. బాబుకి ఇప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నప్పుడు జుట్టు ఎంత ఒత్తుగా ఉండేదంటే రబ్బరుబ్యాండు రెండో చుట్టు తిరిగేది కాదు. బాబుకి మూడో నెల దాటాక ఊడటం మొదలైంది. తలంటుకున్న రోజు బాత్రూం జాలీ మీద ముద్దలు ముద్దలు. దువ్వెన చేతిలోకి తీసుకోవాలంటేనే టెన్షన్. నుదుటికి రెండు పక్కలా మాడు కనిపిస్తోంది. పాలిచ్చి పడుకోబెట్టాక చూస్తే బాబు గుప్పిట్లో నా వెంట్రుకలే.

దానికి తోడు పెళ్ళికి ముందు ఒక పార్లర్‌లో స్మూతనింగ్ (మందు పెట్టి జుట్టు సాఫీగా చేయడం) చేయించారు. ఆ భాగమంతా కొసలు చిట్లి గరుగ్గా తయారైంది. ఇప్పుడు జుట్టు భుజాలు దాటి నాలుగు వేళ్ళు ఉందంతే. ఒకప్పుడు నా జడ నడుం దాకా ఉండేది.

మా అత్తగారు బాబు పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు నన్నూ గుండు చేయించుకోమంటున్నారు, ఒత్తుగా వస్తుందట. ఆడపడుచు ఆముదం రాయమంటోంది. ఫోన్ తెరిస్తే ఉల్లిపాయ రసం వీడియోలు. ఈమధ్యే జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టాను. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి పిన్ని:

అమ్మా, ముందు ఆ భయం తీసెయ్. నీకు జరుగుతున్నది బాలింతలు చాలామందికి జరిగేదే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో హార్మోన్లు ఎక్కువగా ఉండి, మామూలుగా రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలబడతాయి. అందుకే నీకు రబ్బరుబ్యాండు తిరగనంత ఒత్తుగా కనిపించింది. కాన్పయ్యాక ఆ హార్మోన్లు దిగిపోతాయి, ఆగిన వెంట్రుకలన్నీ ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్ళి రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలెడతాయి. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక, టైఫాయిడ్ తర్వాత జుట్టు ఊడేదీ ఇలాగే. ఎక్కువమందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. పగటి వెలుతురులో అద్దం దగ్గర నుదుటి అంచు చూసుకో. వేలి గణుపంత పొడుగున్న కొత్త వెంట్రుకలు నిక్కి నిలబడి కనిపిస్తే మళ్ళీ పుట్టుకొస్తున్నాయన్నమాట. వాటిని నూనె పెట్టి గట్టిగా వెనక్కి దువ్వి అణచకు.

నేను పర్లాకిమిడిలో పెళ్ళికూతుళ్ళకి పూలజడలు వేస్తాను. పాతపట్నం, కాశీనగరం వైపు నుంచి కూడా పిలుస్తారు. జుట్టు చేతిలోకి తీసుకోగానే ఆ పిల్ల దాన్ని ఎలా చూసుకుందో తెలిసిపోతుంది. కొందరికి మెడ దగ్గర ఒత్తుగా ఉండి, రోజూ రబ్బరుబ్యాండు వేసే చోట చుట్టూ తెగిన పొట్టి వెంట్రుకలు గుచ్చుకుంటాయి. కొందరికి చెవుల పైన పల్చబడి ఉంటుంది, చిన్నప్పటి నుంచి లాగి బిగించి వేసిన జడల వల్ల. అలా ఏళ్ళ తరబడి లాగితే కుదుళ్ళే చచ్చిపోతాయి, తర్వాత ఏం రాసినా అక్కడ మొలవదు. వాళ్ళెవరికీ జుట్టు పెరగక కాదు తల్లీ. తల మీద వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు, కాస్త పైన పెరుగుతుంది, ఏడాదికి ఆరంగుళాలనుకో. కొసలో కూడా అంతే తెగిపోతూ ఉంటే జడ ఎన్నేళ్ళయినా ఉన్నచోటే ఉంటుంది. నీకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పెరిగేది దానంతటది పెరుగుతుంది, పెరిగినదాన్ని తెగనివ్వకు.

నీ లెక్క నేనే వేస్తాను. ఇప్పుడున్న కొస నుంచి నడుం దాకా పదహారు అంగుళాలనుకుందాం. ఏడాదికి ఆరు పెరిగినా, చిట్లిన కొసలు నాలుగు నెలలకోసారి అరంగుళం చొప్పున కత్తిరించాలి. మిగిలేది నాలుగున్నర. అంటే మూడున్నరేళ్ళ పైమాటే. నెలరోజుల్లో నడుం దాకా అని ఏ సీసా మీద రాసి ఉన్నా దాన్ని కొట్లోనే వదిలెయ్. స్మూతనింగ్ చేసిన భాగం మళ్ళీ మామూలు అవదు, అది చచ్చిన పోగు. ఒకేసారి కోసేస్తే మనసు ఒప్పుకోదు కాబట్టి కొంచెం కొంచెంగా తీసేస్తూ రా.

గుండు సంగతి. మొక్కు ఉంటే మొక్కుగా తీర్చుకో, అది వేరు. జుట్టు కోసమైతే వద్దు. కత్తి పైన ఉన్నదాన్ని గొరుగుతుంది, కుదుళ్ళ సంఖ్య పెంచదు. కొత్తగా వచ్చేవి కొస మొద్దుగా, అన్నీ ఒకే పొడుగున ఉంటాయి కాబట్టి చేతికి ఒత్తుగా తగులుతాయి. అత్తగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పు, ఎదురు చెప్పినట్టు కాకుండా.

ఇక చిక్కు తీయడం. ఎక్కువ జుట్టు పోయేది ఇక్కడే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. తడి జుట్టు రబ్బరులా సాగి తెగుతుంది. కాబట్టి తలంటుకున్నాక దువ్వెన ముట్టుకోకు. టర్కీ తువ్వాలుతో రుద్దకు, పాత నూలు చీర ముక్కో పంచెముక్కో చుట్టి నీళ్ళు పీల్చనివ్వు. ముప్పాతిక వంతు ఆరాక జుట్టుని రెండు పాయలు చేసి ముందుకు వేసుకో. కొసకి జానెడు పైన ఎడమ చేత్తో గట్టిగా పట్టుకో, లాగినా ఆ ఊపు మాడు దాకా వెళ్ళకూడదు. ముందు ఆ జానెడు వేళ్ళతో విడదీసి, తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెన పెట్టు. అది జారుగా దిగాక పట్టు ఇంకో జానెడు పైకి జరుపు. చివరికి మాడు దగ్గరకి వస్తావు. మనవాళ్ళు మాడు దగ్గర మొదలుపెట్టి ఒక్క లాగు లాగుతారు, ఉన్న చిక్కులన్నీ కిందకి చేరి ఒకే ముడి అవుతుంది, అక్కడ పుటుక్కుమంటుంది. ముడి మొండికేస్తే రెండు చుక్కల కొబ్బరినూనె వేళ్ళకి రాసుకుని ఆ ముడిని పక్కలకి విప్పు, కిందకి లాగకు. పళ్ళు విరిగిన దువ్వెన ఇంట్లో ఉంటే ఈ రోజే పారెయ్.

నూనె: తలంటుకి గంట ముందో, ముందు రాత్రో కొబ్బరినూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశపు శాస్త్రవేత్తలే పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌తో పోల్చి తేల్చారు. ఆముదం జుట్టు పెంచుతుందనడానికి అలాంటి రుజువు లేదు. అది జిగురు, ఒట్టిది దట్టంగా పట్టిస్తే జుట్టు అట్టకట్టి విప్పలేనంత చిక్కుపడుతుంది. ఇష్టమైతే కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలుపుకో. ఉల్లిపాయ రసం వద్దు, మాడు మండుతుంది, పాలు తాగే బిడ్డకి ఆ వాసన ఎందుకు?

తలంటుకి నేను వాడేది కుంకుళ్ళే. శివరాత్రికి అటూఇటూగా కొత్త కాయలు వస్తాయి, మీ సంతలోనూ దొరుకుతాయి. పది పన్నెండు కాయలు రాత్రే చితక్కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో వేసి ఉంచు. పొద్దున్న పిసికి పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టు. ఒకసారి వడకడితే తొక్క ముక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి, అవి తీయడంలో ఇంకో పది వెంట్రుకలు పోతాయి. ఆ రసంలో ఒక గ్లాసు పల్చటి గంజి, చేతిలో నలిపిన నాలుగు మందారాకుల జిగురు కలిపితే జుట్టు జారుగా ఉంటుంది. మా అమ్మ తలంటు పోసేటప్పుడు కళ్ళు మండకుండా ఉప్పుకల్లు నోట్లో పెట్టేది. నేను మాత్రం తల వెనక్కి వంచి పోసుకోమంటాను.

రాయగడ టీచర్:

పిన్నిగారూ, చిక్కు తీసే పద్ధతి రేపట్నుంచే మా అమ్మాయికి మొదలుపెడతాను. కుంకుళ్ళ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మా ఇంట్లో బోరు నీళ్ళు బాగా ఉప్పు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ళతో కుంకుళ్ళు వాడినన్నాళ్ళూ నా జుట్టు పీచుపీచుగా ఉండేది, మాడు దురద. ఇప్పుడు మైల్డ్ షాంపూ ఒక చెంచాడు మగ్గు నీళ్ళలో కలిపి మాడుకి మాత్రమే రాస్తాను, కిందకి జారే నురుగే కొసలకి చాలు. ఆ తర్వాత కొసలకి కండిషనర్. చివరి రెండు చెంబులకి వాననీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో వాడతాను. నా జుట్టు తెగడం ఆగింది.

ఇంకొకటి, చుండ్రు ఉన్నవాళ్ళు రాత్రంతా నూనె ఉంచకండి. చుండ్రుకి కారణమైన ఫంగస్ నూనె మీదే బతుకుతుంది.

బరంపురం ల్యాబ్ అన్న:

చెల్లీ, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పిన్నిగారు చెప్పింది నిజమే, బాలింతల జుట్టు రాలడం దానంతటదే తగ్గుతుంది. కానీ మన ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి అరవైమందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాన్పులో రక్తం పోయి, ఇప్పుడు పాలిస్తున్నారు. ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, అంటే ఒంట్లో ఇనుము నిల్వ లేదన్నమాట. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ కూడా తేడా చేస్తుంది, దానికీ జుట్టు రాలుతుంది.

రక్తం ఇచ్చే ముందు బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నానని తప్పక చెప్పండి. అవి థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తాయి, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్ చెబుతారు. బయోటిన్ లోపం మామూలుగా తిండి తినేవాళ్ళకి చాలా అరుదు, కాబట్టి అవి మానేసినా నష్టం లేదు. ఐరన్ మాత్ర రాస్తే టీతో వేసుకోకండి, నిమ్మరసంతో వేసుకోండి. చోడి (రాగి) అంబలి, మునగాకు, పప్పు, గుడ్డు, ఉలవలు రోజూ తినండి. పాలిచ్చేటప్పుడు జుట్టు మొలిపించే మందులేవీ డాక్టర్ని అడగకుండా రాయొద్దు.

రాలడం ఏడాది దాటినా తగ్గకపోయినా, రూపాయి బిళ్ళంత గుండ్రంగా మచ్చలా ఊడినా చర్మ డాక్టర్‌కి చూపించండి.

గుణుపురం కోడలు:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అత్తగారికి చదివి వినిపించాను. మొక్కు బాబుకే కాబట్టి నీకు వద్దులే అన్నారు. పరీక్షలకి సోమవారం వెళ్తున్నాం, బయోటిన్ సంగతి చెబుతాను. నుదుటి దగ్గర చూసుకున్నాను పిన్నీ, చిన్న చిన్నవి ఉన్నాయి!

ఇంకో రెండు అడగొచ్చా? పుట్టింటికి రైల్లో నౌపడా మీదుగా వెళ్ళి వస్తుంటాను, కిటికీ గాలికి జుట్టంతా ఉండకడుతుంది. మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్ళి. నన్నూ పూలజడ వేసుకోమంటున్నారు. ఈ జుట్టుతో వేసుకోవచ్చా?

పర్లాకిమిడి పిన్ని:

చిన్నవి కనిపించాయన్నావు, నా కడుపు నిండిందమ్మా.

టీచరమ్మ చెప్పింది సబబే. ఉప్పు నీళ్ళకి కుంకుళ్ళు కుదరకపోతే షాంపూ వాడు, పల్చన చేసి. ఏది వాడినా గోళ్ళతో గీరకుండా వేలి కొసలతో రుద్దాలి.

రైల్లో వదులుగా ఒక్క జడ వేసి, కొస దాకా అల్లి గుడ్డ రిబ్బన్‌తో కట్టు. పైన నూలు స్కార్ఫ్. క్లిప్పు పెట్టి సగం వదిలెయ్యకు. రాత్రి పడుకునేటప్పుడూ వదులు జడే మంచిది, బాబు చేతికీ తక్కువ దొరుకుతుంది.

పూలజడ వేసుకో, కానీ బరువు తగ్గించి. నిండు పూలజడ తడి మల్లెమొగ్గలతో, సవరంతో కలిపి చాలా బరువు ఉంటుంది, ఆ బరువంతా మెడ దగ్గర నాలుగు వేళ్ళ మేర జుట్టు మీదే పడుతుంది. పెళ్ళికూతురికైతే తప్పదు. నీకు సవరం చివరి సగంలోనే కలిపి, మొగ్గల వరసలు మధ్యలో మాత్రం కుట్టమను. నుదుటి పక్కల పాపిడి దగ్గర పిన్నులు గుచ్చనివ్వకు, కొత్త వెంట్రుకలు అక్కడే ఉన్నాయి. గంజాం మొగలిరేకులు తెస్తే అంచుల ముళ్ళు కత్తిరించాకే జడలో పెట్టాలి, లేకపోతే జుట్టుని పట్టి చీల్చేస్తాయి. స్ప్రే కొడతామంటే వద్దను. తాళి కట్టడం అయి, ఫొటోలు అవగానే తీసేయించుకో, ఆ జడతో పడుకోకు. తీసేటప్పుడు వెనకనుంచి ఇంకొకరు కూర్చుని దారాన్ని చిన్న కత్తెరతో అక్కడక్కడ కోస్తూ పూలని వేరు చేయాలి. లాగి తీస్తామంటే ఒప్పుకోకు.