‘ఏటి’ అని వెతికితే ఏం రావాలి?

అందరికీ నమస్కారం. మిత్రులం కొందరం సామెతలు పోగుచేసి, వెతుక్కోవడానికి చిన్న సెర్చ్ బాక్సు పెట్టుకున్నాం. ‘ఏరు’ అని కొడితే ‘ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు’ వస్తోంది. ‘ఏటి ఈతకు లంక మేతకు సరి’ మాత్రం రావడం లేదు. పదం చివర ప్రత్యయాలు తీసేసే ప్రోగ్రామ్ కూడా పెట్టి చూశాం. దారి చెప్పండి.

— ప్రత్యయం తీసేస్తే తేలే మాట కాదండీ ఇది. ఇంగ్లీషుకి 1980లో మార్టిన్ పోర్టర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన పద్ధతి పదం తోక కత్తిరిస్తుంది, అక్కడ చాలావరకు సరిపోతుంది. మనకి ‘ఏటిలో’ నుంచి ‘లో’ తీసేస్తే మిగిలేది ‘ఏటి’, ‘ఏరు’ కాదు. వ్యాకరణం చదువుకున్నవాళ్లకి ఔపవిభక్తికాలు, అంటే విభక్తి చేరేముందు రూపం మారే మాటలు, గుర్తుండే ఉంటాయి: నోరు–నోటి, ఇల్లు–ఇంటి, నెయ్యి–నేతి. ఇవి వేలకొద్దీ ఉండవు, కూర్చుని పట్టిక రాసుకోవచ్చు. ఎవరైనా ‘ఏరు’ అని అడిగితే ‘ఏటి’ని కూడా కలిపి వెతకమనండి. మూలపాఠం జోలికి పోవద్దు.

— పట్టిక మంచిదే, కానీ ‘ఏటి’ ఒక్క ఏరుదే కాదు కదా మాస్టారూ! సంవత్సరం అనే అర్థంలో ‘ఏడు’కి కూడా అదే రూపం: గత ఏటి పంట, ఏటికేడాది. బహువచనంలోనూ ఇదే గొడవ, సెలయేళ్లూ ఏళ్లే, నూరేళ్లూ ఏళ్లే. ‘ఏరు’ ఏమైనా తక్కువ తిందా? బియ్యంలో రాళ్లు ఏరమన్నా అదే. సామెతల ఫైల్లో నాలుగు అక్కర్లేనివి వచ్చినా నష్టం లేదు. పాత పత్రికలన్నీ వెతికేచోట మాత్రం ఏటి వరద కోసం వచ్చినవాడికి గత ఏటి బడ్జెట్ చూపిస్తే విసుగెత్తి పోతాడు. అక్కడ పక్కమాటలు చూసి అర్థం పట్టే మోడల్ కావాలి. గూగుల్ వాళ్ల మ్యూరిల్ లాంటివి భారతీయ భాషల పాఠం మీద శిక్షణ పొందినవే. వాక్యంలో ఒడ్డు, ఈత, వరద ఉంటే ఒక దారి, గత, పంట ఉంటే ఇంకో దారి. అయితే మనిషి ఒక్క మాటే టైప్ చేస్తే మోడల్‌కైనా ఆధారం ఏముంటుంది? ఊహించి ఒకటే చూపించడం కన్నా రెండు అర్థాలూ విడివిడిగా చూపించి ఎంచుకోమనడం నయం.

— మా శ్రీకాకుళాన్ని మర్చిపోయారు! ‘ఏటి సేస్తన్నావు’ అంటే మీ పట్టిక మమ్మల్ని తీసుకెళ్లి ఏట్లో దింపుతుంది. మాకు అది ‘ఏమిటి’ అండి.

— హహ, మూడో అర్థం కూడా చేర్చాను. ఇప్పుడు ‘ఏటి ఈత’ వస్తోంది. ‘సెలయేరు’ మాత్రం ఇంకా చిక్కడం లేదు, అందులో ‘ఏరు’ ఉంది కదా?

— చెవికి ఉంది, కంప్యూటర్‌కి లేదు. సంధి కలిశాక అక్కడున్నది ‘య’, దాని మీద ఏత్వం. విడి అచ్చు ‘ఏ’కి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలకిచ్చే సంకేతాల పట్టికలో, వేరే సంకేతం. అందుకే ‘యేరు’, ‘యేటి’ రూపాలు కూడా పట్టికలో పెట్టి, పదం మధ్యలోనూ వెతకమనండి. ‘పదేళ్లు’ లాంటి వాటిలో ఆ ‘య’ కూడా ఉండదు, వాటికి సంధి విడదీసే ప్రోగ్రామే కావాలి.