డెబ్బై దాటినవారికి ఫిస్టులా మంచిదా, పర్మ్‌క్యాత్ మంచిదా?

పాలకొల్లు నుంచి ప్రశ్న:
మా నాన్నగారికి 76 ఏళ్లు. మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతినడంతో మెడలో వేసిన తాత్కాలిక గొట్టం ద్వారా డయాలసిస్ చేస్తున్నారు. వైద్యులు చేతికి ఫిస్టులా చేయించమంటున్నారు. ఈ వయసులో కోత ఎందుకు, పర్మ్‌క్యాత్ (చర్మం కింద నుంచి పెద్ద సిరలోకి వేసి ఎక్కువకాలం ఉంచే గొట్టం) చాలునని బంధువుల వాదన. తెలిసినవారు చెప్పగలరు.

భీమవరం, డయాలసిస్ టెక్నీషియన్:
ఫిస్టులాయే మేలని నా దృఢాభిప్రాయం. ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుడితే, రక్తం వడికి ఆ సిర క్రమంగా లావెక్కి సూదులకు అనువవుతుంది. సాధారణంగా చేతికి మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషనే ఇది. పర్మ్‌క్యాత్ కొస గుండె దాకా వెళ్తుంది కనుక దాని వెంట సూక్ష్మక్రిములు చేరితే నేరుగా రక్తంలో కలుస్తాయి. మన ప్రాంతపు ఉక్కపోతకు చెమటపట్టి గొట్టం మీది ప్లాస్టర్ అంచులు లేచిపోతుంటాయి. డయాలసిస్ మొదలైన కాసేపటికే వణుకుతో జ్వరం వచ్చేవారిని చూస్తుంటే బాధ కలుగుతుంది.

అమలాపురం నుంచి:
ఆ ప్రమాదాన్ని కాదనను. కానీ వృద్ధులలో, ముఖ్యంగా మధుమేహులలో, ధమనులు గట్టిపడి ఫిస్టులా ఎదగకపోవచ్చు. గుండె బలహీనంగా ఉంటే పెరిగిన రక్తప్రవాహం దానికి భారమవుతుంది. అందరికీ ముందు ఫిస్టులాయే అన్న పట్టుదలను అమెరికా మార్గదర్శకాలే 2019లో సడలించి, రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించమన్నాయి.

భీమవరం, డయాలసిస్ టెక్నీషియన్:
ఒప్పుకుంటున్నాను. అందుకే ముందు గుండెకు ఎకో స్కాన్, రెండు చేతులకూ డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించండి. సిర 2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే, లేదా గుండె బాగా నీరసించి ఉంటే, నేనూ పర్మ్‌క్యాత్ వద్దనను. అయితే చాలామందికి సిరలు పాడయ్యేది వయసు వల్ల మాత్రమే కాదు. నీరసమనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ముంజేతికి సెలైన్ పెట్టించుకునే అలవాటు మనకుంది. పదేపదే గుచ్చిన సిర గట్టిపడి, సర్జన్ చెయ్యి పట్టి చూసేసరికి పనికిరాకుండా పోతుంది. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష కొలత) పెరుగుతోందని తెలిసిననాడే ఒక చేతిని, వీలైతే ఎడమచేతిని, సూదులకూ బీపీ పట్టీకీ దూరంగా ఉంచి, రక్తపరీక్షకు అరచేతి వెనుక సిరలనే చూపాలి. మీ నాన్నగారి విషయంలోనూ ఈ రోజు నుంచే అది పాటించండి. ఫిస్టులా కుదిరితే ఎదగడానికి కనీసం నెలన్నర, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా తాత్కాలిక గొట్టాన్నే కొనసాగించకుండా పర్మ్‌క్యాత్‌కు మార్చమని అడగండి. ఫిస్టులా మీద రోజూ ఉదయం వేళ్లు ఆనించి చూడాలి. జుమ్మనే కంపనం తగలకపోతే మరుసటి డయాలసిస్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.