పక్కింటి పెద్దావిడ అమ్ముతానంటున్న ఎం1 గరాండ్: 1944 తుపాకీకి 1952 బ్యారెల్, తీసుకోవచ్చా?

ఫ్రిస్కో_శీను (టెక్సస్):

అందరికీ నమస్కారం. ఈ మధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది. పాత అమెరికన్ మిలిటరీ రైఫిళ్లంటే ఎప్పట్నుంచో పిచ్చి, కానీ ఇప్పటిదాకా చూడటమే తప్ప కొన్నది లేదు.

మా వీధిలో ఒక పెద్దావిడ భర్త పోయాక ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. గరాజ్ సర్దుతుంటే ఎం1 గరాండ్ (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన రైఫిల్) ఒకటి బయటపడింది. "మా మామగారు నార్మండీ నుంచి తెచ్చుకున్నది" అంటున్నారావిడ, ఆ యుద్ధంలో అమెరికా సైన్యం దిగిన ఫ్రాన్స్ తీరం. రిసీవర్ (బ్యారెల్, బోల్టు బిగించే ఇనుప భాగం) మీద స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అని ప్రభుత్వ ఫ్యాక్టరీ పేరూ, దాని కింద 31 లక్షల చిల్లర సీరియల్ నంబరూ (అంటే 1944ది) ఉన్నాయి. ఆపరేటింగ్ రాడ్ (బోల్టుని కదిలించే కడ్డీ) వెనక్కి లాగి చూస్తే బ్యారెల్ కుడి పక్కన 11 52 అని, అంటే 1952 నవంబర్ అని ఉంది. చెక్కకి ఎడమ వైపు చిన్న పెట్టెలో ఏవో అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి, పై వరుస ఆర్ఐఏ అని చదవగలిగాను. ఎవరో చెక్కంతా మెరిసే వార్నిష్ కొట్టేశారు.

నా డౌట్లు: 1944 తుపాకీకి 1952 బ్యారెల్ ఏంటి, ఎవరైనా అతుకులేసి చేసిందా? ఆ వార్నిష్ గీకేసి కొత్తగా చేయొచ్చా? మా ఇంట్లో మాత్రం ఒకటే షరతు, సేఫ్ వచ్చాకే తుపాకీ గడప దాటాలట.

కూకట్‌పల్లి_టు_అట్లాంటా:

బ్రో, వార్నిష్‌కి ఇంత ఆలోచన ఎందుకు? హోమ్ డిపోలో 80 నంబర్ శాండ్‌పేపర్ తెచ్చి రుద్దేయ్, పైన పాలీయురేథేన్ రెండు కోట్లు. మా డైనింగ్ టేబుల్‌కి అలాగే చేశా, అద్దంలా వచ్చింది.

ఎరీ_గట్టు_మామ (ఒహాయో):

శీనూ, ముందు శాండ్‌పేపర్ మాట మర్చిపో. అట్లాంటా తమ్ముడూ, నీ టేబుల్ మీద ఏ ఆర్మీ ఇన్‌స్పెక్టరూ ముద్ర కొట్టలేదు కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఆ చిన్న పెట్టెలోని అక్షరాలే అసలు సరుకు. ఆర్ఐఏ అంటే రాక్ ఐలాండ్ ఆర్సెనల్, ఇల్లినాయ్‌లో ఉన్న సైన్యం ఆయుధశాల. కింద వరుసలో ఇన్‌స్పెక్టర్ పొడి అక్షరాలుంటాయి. ఈబీ అని ఉందేమో టార్చి పక్కనుంచి వాల్చి చూడు, అరిగిన ముద్ర అలా వెలుతురు పడితేనే తేలుతుంది.

నీ మొదటి డౌట్‌కి జవాబు కూడా ఆ ముద్రలోనే ఉంది. 31 లక్షల నంబరంటే రిసీవర్ 1944లో తయారైంది. యుద్ధం అయిపోయాక సైన్యం లక్షల గరాండ్లను వెనక్కి తెప్పించి ఆర్సెనల్స్‌లో విప్పేసింది. విప్పిన భాగాలు మళ్లీ అదే తుపాకీకి పెట్టాలని ఎవరూ పట్టించుకోలేదు. బోల్టులన్నీ ఒక తొట్టిలో, ట్రిగర్ హౌసింగ్‌లన్నీ ఇంకో తొట్టిలో. అరిగిన బ్యారెల్ తీసి కొత్తది బిగించి, పరీక్షించి, చెక్క మీద ముద్ర కొట్టి పంపేవాళ్లు. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్ రిసీవర్‌కి యుద్ధకాలంలో గరాండ్లు చేసిన ఇంకో కంపెనీ వించెస్టర్ ట్రిగర్ కనిపించినా కంగారు పడకు. 1950లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కూడా గరాండ్లు చేసింది, ట్రాక్టర్ల కంపెనీ! మొత్తం మీద 54 లక్షల పైచిలుకు తయారయ్యాయి. అందులో ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలినవి బహు తక్కువ.

కొంతమంది అన్నీ 1944 భాగాలే ఏరుకొచ్చి "ఒరిజినల్" అని అమ్ముతారు. చెక్క ముద్రలు కూడా కొత్తగా కొట్టించేవాళ్లున్నారు. నా మటుకు నాకు అలా పెళ్లికొడుకులా ముస్తాబు చేసినదానికన్నా ఆర్సెనల్ చేతిలోంచి వచ్చిన అతుకులదే ఇష్టం. పైసా ఎక్కువివ్వాల్సిన పని కూడా ఉండదు.

ఇక నార్మండీ కథ. పెద్దావిడ అబద్ధం చెబుతున్నారని కాదు, ఇళ్లల్లో కథలు అలా కలిసిపోతాయి. కానీ సైనికుడికిచ్చిన రైఫిల్ ప్రభుత్వానిది, తిరిగి అప్పజెప్పాల్సిందే. శత్రువు దగ్గర దొరికిన జర్మన్ మౌజర్ రైఫిల్ తెచ్చుకున్నవాళ్లు బోలెడు మంది. సొంత గరాండ్ తెచ్చుకోవడం మామూలుగా కుదిరే పని కాదు. పైగా 1952 బ్యారెల్, రాక్ ఐలాండ్ ముద్ర రెండూ కలిపి చూస్తే, ఆ తుపాకీ 1950లలో ఇంకా సైన్యం చేతిలోనే ఉంది.

మరి మామూలు జనం చేతికి ఎలా వచ్చాయంటే, ఎక్కువగా డీసీఎం ద్వారా. రైఫిల్ క్లబ్ సభ్యులకి సైన్యమే అమ్మిన పథకం అది, 1996లో దాన్నే సీఎంపీగా (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) మార్చారు. ఆవిడ పాత ఫైళ్లలో సీరియల్ నంబరు రాసిన డీసీఎం కాగితం ఉందేమో తప్పకుండా అడుగు. నార్మండీ కథకి పది డాలర్లు కూడా ఎక్కువివ్వను, ఆ కాగితానికి మాత్రం ఇస్తాను.

కొనే ముందు చూడాల్సింది బ్యారెల్ లోపల. గరాండ్‌ని వెనకనుంచి శుభ్రం చేయడానికి వీల్లేదు, రిసీవర్ అడ్డం. రాడ్ మూతి వైపునుంచే దూర్చాలి. ఏళ్ల తరబడి ఆ ఉక్కు రాడ్ ఒరుసుకుని మూతి అరిగిపోతుంది. గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసే మనిషి) దగ్గర అరుగుదలని అంకెల్లో చూపే గేజ్ ఉంటుంది, మూతి దగ్గర అంకె 3 లోపు, లోపల గుండు బ్యారెల్‌లోకి దూరే గొంతు దగ్గర 5 లోపు వస్తే బాగున్నట్టే. చెక్క విప్పించి రిసీవర్ వెనక అంచు ఆనే చోట పగుళ్లున్నాయేమో కూడా చూడు.

వార్నిష్ తీయాలంటే స్ట్రిప్పర్ (వార్నిష్ కరిగించే మందు) పల్చగా రాసి పాత గుడ్డతో తుడువు, ముద్ర దగ్గర అస్సలు రుద్దకు. తర్వాత అవిసె నూనె అరచేత్తో పల్చగా పట్టించు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరబెట్టి అప్పుడు పారేయ్.

హెచ్1బి_కష్టాలు:

మామా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను హెచ్1బి మీద ఉన్నా. ఇలాంటిది కొనొచ్చా? ఫ్రెండ్ ఒకడు హంటింగ్ లైసెన్స్ ఉంటే చాలంటున్నాడు.

ఎరీ_గట్టు_మామ:

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి, మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. కానీ ఇది గ్రీన్‌కార్డు భవిష్యత్తుతో ఆట. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అడుగు వేయొద్దు. గ్రీన్‌కార్డు వచ్చాక షాపులో ఫారం 4473 నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటితే కొనొచ్చు. సీఎంపీ దగ్గర మాత్రం సిటిజన్లకే, అనుబంధ క్లబ్‌లో సభ్యత్వం కూడా ఉండాలి.

మాకు క్యాంప్ పెర్రీ కారులో కాస్త దూరమే, అక్కడి సీఎంపీ స్టోర్‌లో గరాండ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కోటీ ఎత్తి, తిప్పి, నచ్చింది ఎంచుకోవచ్చు. మా నాన్న ఏపీఎస్పీలో 303 మోసిన మనిషి, ఇక్కడికొచ్చినప్పుడు ఆయన్ని తీసుకెళ్లా. గరాండ్ చేత్తో పట్టుకుని "ఇదీ అంత బరువే ఉందిరా" అని, వెంటనే కుర్చీ ఎక్కడుందని అడిగారు.

ఫ్రిస్కో_శీను:

మామా, అప్‌డేట్. డీసీఎం కాగితం దొరకలేదు. కానీ మీరు చెప్పిన విషయం మెల్లగా కదిలిస్తే ఆవిడే గుర్తు చేసుకున్నారు: మామగారు నార్మండీ వెళ్లింది నిజమే, తుపాకీ మాత్రం వాళ్లాయన రైఫిల్ క్లబ్ ద్వారా కొన్నారట. ముద్రలో కింద ఈబీనే. ఆవిడతో కలిసే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాం, మూతి 3 లోపు, గొంతు 4 వచ్చాయి. చెక్క లోపల పగుళ్లు లేవు.

రేటు సీఎంపీ వాళ్లు ఇలాంటి స్థితిలో ఉన్నదానికి (అదే గ్రేడ్‌కి) అమ్మే ధరే ఇస్తానన్నా. ఆవిడ తక్కువ చాలన్నారు, నేనే ఒప్పుకోలేదు. టెక్సస్‌లో ఇద్దరం ఇక్కడివాళ్లమే కాబట్టి నేరుగా ఇచ్చిపుచ్చుకోవచ్చట, కానీ లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే రాయించుకుంటున్నా, మనసుకి ప్రశాంతంగా ఉంటుంది. సేఫ్ శనివారం వస్తోంది.

ఇంకొకటి: ఒక డబ్బాలో పాత తూటాలు కూడా ఊరికే ఇస్తానంటున్నారు. అడుగున ఎస్ఎల్ 43 అని ఉంది. వాడొచ్చా?

ఎరీ_గట్టు_మామ:

ఎస్ఎల్ అంటే సెయింట్ లూయిస్ ప్లాంటు, 43 అంటే 1943. ఆ కాలపు .30-06 (గరాండ్ వాడే తూటా రకం) ప్రైమర్లలో, అంటే తూటా అడుగున మందుని అంటించే భాగంలో ఉండే లవణం కాల్చాక బ్యారెల్‌లో మిగిలి తేమను లాగుతుంది, మామూలు గన్ ఆయిల్‌కి అది పోదు. అదే రోజు వేడి నీళ్లతో కడక్కపోతే తుప్పు. అంత మంచి బ్యారెల్‌కి ఎందుకా గోల? ఓ రెండు క్లిప్పులు (తూటాలని గుత్తిగా పట్టి ఉంచే రేకులు) షోకేస్‌లో పెట్టుకో, మిగతావి కొనుక్కునే కలెక్టర్లున్నారు.

కాల్చడానికి గరాండ్ కోసమే అని రాసి ఉన్న, గుండు బరువు 150 గ్రెయిన్ ఉండే తూటాలు కొను. వేటకోసం అమ్మే బరువైన .30-06 వేస్తే గ్యాస్ ఒత్తిడికి ఆపరేటింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదముంది. క్లిప్ కిందికి నొక్కేటప్పుడు కుడి అరచేతి అంచుతో రాడ్ హ్యాండిల్‌ని ఆపి పట్టుకో, బొటనవేలు తీశాకే వదులు. మొదటిసారి ఖాళీ రైఫిల్‌తో, తూటాల్లేకుండా గన్‌స్మిత్ చేత చేయించి చూడు.