వెటర్నరీ కాలేజీలో చెప్పేది పశువుల పాక దాకా ఎలా చేరుతుంది? మీ అనుభవాలు చెప్పండి

కొత్త_లెక్చరర్:
అందరికీ నమస్కారం. నేను ఒక వెటర్నరీ కాలేజీలో యానిమల్ న్యూట్రిషన్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. క్లాసులు పర్లేదు, ల్యాబ్ పర్లేదు, పీజీ పిల్లల థీసిస్ పని కూడా మెల్లగా పట్టు దొరుకుతోంది, భయమంతా రైతుల ట్రైనింగ్ దగ్గరే. పోయిన నెల మా డిపార్ట్‌మెంట్ దత్తత తీసుకున్న ఊరి నుంచి నలభై మందిని కాలేజీకి పిలిపించాం. పొద్దున పదిన్నరకి మొదలుపెట్టి వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం గురించి గంటసేపు స్లైడ్లు వేసి చెప్పాను, ప్రోటీన్ ఎంత పెరుగుతుందో గ్రాఫ్ కూడా పెట్టాను. భోజనాలయ్యాక చూస్తే పదకొండు మంది మిగిలారు. వాళ్ళలో ఒక పెద్దాయన లేచి "అమ్మా ఇదంతా బానే ఉంది, మా గేదె పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) ఐదు దాటట్లేదు, దానికేం చెయ్యాలి" అన్నారు. నేను పీచు, పచ్చిమేత, ఎండుమేత అంటూ పుస్తకంలో ఉన్నది చెప్పా, ఆయన తలూపి కూర్చున్నారు. నా జవాబు ఆయనకి అక్కరకి రాలేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆ రోజు నుంచి అదే మనసులో తిరుగుతోంది. యూనివర్సిటీ వాళ్ళ వల్ల మీకు నిజంగా ఉపయోగపడింది ఏంటి, పడనిది ఏంటి, మొహమాటం లేకుండా చెప్పండి.

దివి_పాడి:
మేడమ్, ముందు ఆ టైం మార్చండి. మేం తెల్లారుజామున నాలుగున్నరకి లేస్తాం, పేడ తీసి పాలు తీసి ఆరున్నరకల్లా పాల సెంటర్లో పొయ్యాలి, తర్వాత మేత కోసుకురావాలి, మళ్ళీ మధ్యాహ్నం మూడు నుంచి అదే పని. మీరు పదిన్నరకి పిలిస్తే భోజనం చేసి బస్సెక్కకపోతే సాయంత్రం పాలు ఎవరు తీస్తారు చెప్పండి. వాళ్ళు లేచి వెళ్ళిపోయింది మీ పాఠం బాలేక కాదు. ఇంకో మాట, ట్రైనింగ్‌కి వచ్చేది మగాళ్ళం. మా ఇంట్లో పన్నెండు గేదెలు, పాలు తీసేది మా ఆవిడ, దాణా కలిపేది మా అమ్మ, ఏది ఎదకొచ్చిందో ఏది మేత వదిలేసిందో వాళ్ళకే తెలుసు. రిజిస్టర్లో సంతకం పెట్టి వచ్చేది మాత్రం నేను.

యూరియా గడ్డి సంగతీ చెప్తా, నేను చేసి చూశా. వంద కేజీల గడ్డికి నాలుగు కేజీల యూరియా, యాభై లీటర్ల నీళ్ళు, వరసలు పరిచి చల్లి తొక్కి టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచా. తీసిన రోజు వాసనకి గేదెలు మూతి పెట్టలా, కాసేపు ఆరబెట్టి వేస్తే మూడో రోజు నుంచి తిన్నాయి, బానే తిన్నాయి. పాలు కొంచెం పెరిగిన మాట కూడా నిజమే. అయినా రెండు సార్లు చేసి మానేశా. ఇద్దరు మనుషులకి అరపూట పని, నీళ్ళు మోసుకెళ్ళాలి, ఆ కూలి లెక్క మీ గ్రాఫులో ఉండదు. పైగా మా వీధిలో ఒకళ్ళ గేదె యూరియా కలిపిన బకెట్ నీళ్ళు తాగి గంటలో పోయింది, ఇక ఆ మాటెత్తితే ఆడవాళ్ళు ఒప్పుకోరు. ఇప్పుడైతే కోతలన్నీ మిషన్‌తోనే, గడ్డి పొలంలో నలిగిపోతోంది, గడ్డి చుట్టే మిషన్ బేలర్‌తో చుట్టించిన కట్టలు కొంటున్నాం, ఆ చుట్టలు విప్పి మళ్ళీ తొక్కి మాగబెట్టే ఓపిక ఎవరికుంది.

రిటైర్డ్_ప్రొఫెసర్:
పైన అన్నగారు రాసింది రెండు సార్లు చదివాను. నేను ఇదే సబ్జెక్టు 33 ఏళ్ళు చెప్పాను, యూరియా గడ్డి మీద ట్రయల్స్ కూడా చేశాను. మామూలు వరిగడ్డిలో ప్రోటీన్ మూడు నాలుగు శాతం ఉంటే మాగబెట్టాక ఏడు ఎనిమిదికి వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మా ట్రయల్లో గడ్డి తొక్కింది ఫారం కూలీలు, నీళ్ళు పోసింది ఫారం పైపు. ఆ కూలి ఖర్చు మేం ఒక్క పేపర్లో కూడా రాయలేదు, రాయాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. అలాగని ఆ పద్ధతిని పారెయ్యమనను. కరువు ఏడాది పచ్చిగడ్డి పోచ కనిపించనప్పుడు గొడ్డుని నిలబెట్టేది అదే, కాకపోతే ప్రతి ఊరికీ ప్రతి ఏడాదీ అదే పాఠం చెప్పకూడదు. ఒక జాగ్రత్త, యూరియా కలిపిన నీళ్ళు పశువుకి అందే చోట ఒక్క నిమిషం కూడా వదలొద్దు, ఆరు నెలల లోపు దూడలకి ఆ గడ్డి వెయ్యొద్దు.

మేడమ్ గారికి ఒక అనుభవం చెప్తాను. మా కాలంలో వెటర్నరీ కాలేజీలు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి, 2005లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాకే వేరుపడ్డాయి. అప్పట్లో ఒక ఊళ్ళో దూడలు బాగా చనిపోతుంటే వెళ్ళాను. మాయ పడేదాకా దూడకి జున్నుపాలు తాగనివ్వకూడదని ఊరంతా నమ్మకం. తొలి గంటా రెండు గంటల్లో తాగితేనే తల్లిలోని రోగనిరోధక శక్తి దూడకి ఎక్కుతుంది, గంటలు గడిచేకొద్దీ పేగు దాన్ని తీసుకోవడం తగ్గిపోయి ఒక రోజయ్యేసరికి ఇంచుమించు మూసుకుపోతుంది అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ ఊళ్ళో ఈనిక కష్టమైతే అందరూ పిలిచే ఒక ముసలమ్మ ఉండేది, ఆవిడ పక్కన కూర్చుని అడిగాను, దూడ చన్ను చీకితే మాయ తొందరగా పడటం ఎప్పుడైనా చూశావా అని. ఆవిడ కాసేపు ఆలోచించి చూశానంది. దూడ చీకినప్పుడు తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది కాబట్టి అది నిజమే. తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది, ఆవిడే చెప్పింది. మొత్తం మారడానికి నాలుగైదేళ్ళు పట్టింది, మా ప్రాజెక్టు మాత్రం రెండేళ్ళకే అయిపోయింది, మిగతా రెండు మూడేళ్ళు సొంత ఖర్చులతో వెళ్ళొచ్చాను.

పల్ల_గొర్రె:
నెల్లూరు వైపు మాది, గొర్రెలు. మా మందలో నెల్లూరు గొర్రెల్లోని పల్ల, జోడిపి రకాలు రెండూ ఉన్నాయి. మంచి ఒకటి చెడు ఒకటి చెప్తా. మంచేంటంటే చిటుక రోగం టీకా. తొలకరి గడ్డి తగలగానే బాగా ఉన్న పిల్లలే ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకుని పడిపోయేవి, మా నాన్న గాలి సోకిందనుకునేవాడు. స్టూడెంట్లు వచ్చి చచ్చిన పిల్లని మా ముందే కోసి పేగు, కిడ్నీ చూపించి ఇదీ సంగతి అన్నారు, వానలకి ముందే టీకా వేయించండి అన్నారు. అప్పటి నుంచి మేలోనే వేయిస్తున్నాం. కళ్ళతో చూశాం కాబట్టి నాన్న నమ్మాడు.

చెడు ఏంటంటే, వేరే టీమ్ ఒకటి వచ్చి మూడేళ్ళు మా పిల్లల తూకాలు తీసుకుంది. పుట్టినప్పుడు, మూడు నెలలకి, ఆరు నెలలకి. చెవికి ట్యాగులు వేశారు, మందని ఆపి గంటలు గంటలు నిలబెట్టారు, మేం ఒక్క మాట అనలేదు. తర్వాత మళ్ళీ రాలేదు. ఏ పొట్టేలు పిల్లలు బాగా పెరిగాయో ఆ లెక్కల్లో ఉండే ఉంటుంది కదా, ఆ ఒక్క ముక్క చెప్పుంటే మేం ఆ పొట్టేలుని అమ్మేవాళ్ళం కాదు.

కొత్త_లెక్చరర్:
అన్నా, మీది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ట్యాగ్ నంబర్లు మీ దగ్గర ఇంకా ఉంటే దాచి ఉంచండి, ఆ తూకాల థీసిస్ కచ్చితంగా ఏదో లైబ్రరీలో ఉంటుంది.

ఇంటర్న్_పాప:
నేను ఇంకో వైపు నుంచి చెప్తా మేడమ్. మా కోర్సు అయిదున్నరేళ్ళు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. పాఠాల కోసం పొట్టకి కిటికీలా రంధ్రం చేసి మూత పెట్టిన గిత్త మా ఫారంలో ఉండేది, అందులో చెయ్యి పెట్టి నెమరు పొట్టలో మేత తీసి చూసిన రోజు నేను మర్చిపోలేను, ఆ వెచ్చదనం, ఆ వాసన, అది చూశాకే జీర్ణక్రియ చాప్టర్ బుర్రకెక్కింది. కానీ ఊరికి వెళ్ళాక భాష దగ్గర ఆగిపోయాను. నేను చదివిందంతా ఇంగ్లీషు, వాళ్ళు "తీగలేసింది" (ఎదకొచ్చి జిగట తీగ కారింది), "మళ్ళీ పొర్లింది" (కట్టక మళ్ళీ ఎదకొచ్చింది), "చూడి కట్టలేదు" అంటారు. ఒకావిడ మా పెయ్య మూడు సార్లు పొర్లింది అంటే కడుపునొప్పికి నేల మీద పొర్లుతోందేమో అనుకుని ఆ ప్రశ్నలే అడిగాను, ఆవిడ పాపం ఓపికగా మూడు సార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా కట్టలేదని విడమర్చి చెప్పింది. ఈ మాటలు మొదటి ఏడాదిలోనే ఎవరైనా నేర్పితే ఎంత బాగుండు. అన్ని జిల్లాల మాటలూ కలిపి పది పేజీల పుస్తకం డిపార్ట్‌మెంట్ వాళ్ళే వేయొచ్చు కదా.

మాడిసన్_నుంచి:
నేను విస్కాన్సిన్‌లో డైరీ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) మన దగ్గరే చదివా. ఇక్కడ యానిమల్ సైన్స్ వేరే డిపార్ట్‌మెంట్, డాక్టర్ కోర్సుతో కలిపి ఉండదు. ప్రొఫెసర్‌ని తీసుకునేటప్పుడే నీ పనిలో ఇంత భాగం పరిశోధన, ఇంత పాఠాలు, ఇంత ఎక్స్‌టెన్షన్ (రైతులకి నేర్పే పని) అని రాసిస్తారు, ఎక్స్‌టెన్షన్ వాటా ఉన్నవాళ్ళకి రైతుల దగ్గరికి వెళ్ళడం కూడా ప్రమోషన్‌లో లెక్కకొస్తుంది. 1914లో దీనికోసం చట్టమే చేశారు. మన దగ్గర ఊరికి వెళ్ళిన రోజు పేపర్ రాయని రోజు కింద పోతోంది, రిటైర్డ్ సార్ సొంత ఖర్చులతో తిరగాల్సి వచ్చింది అందుకే.

ఫ్యాట్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇక్కడ ఇదే యూనివర్సిటీలో బాబ్‌కాక్ అనే ఆయన 1890లో పాలలో వెన్న కొలిచే తేలిక పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు పాలకి తూకం మీదే డబ్బులు, నీళ్ళు కలిపినవాడికీ చిక్కటి పాలు పోసినవాడికీ ఒకటే రేటు. ఆయన దానికి పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశారు. ఇవాళ మన సెంటర్లో మిషన్ చూపించే ఫ్యాట్ నంబరుకి, దాన్ని బట్టి ఇచ్చే రేటుకి వెనక ఆ ఆలోచనే ఉంది.

మేడమ్, ఆ పెద్దాయన్ని ఒక ప్రశ్న అడిగారా? దూడకి ఏ పాలు వదులుతున్నారు, మొదటివా ఆఖరివా? పిండేకొద్దీ ఫ్యాట్ పెరుగుతుంది కదా, మొదటి పాలు పల్చన, ఆఖరి పాలు బాగా చిక్కన. పాలు చేపడానికి, అంటే చన్నుల్లోకి దిగడానికి, దూడని కాసేపు వదిలి, పాలు తీసుకుని, ఆఖరికి మిగిలింది దూడకే వదిలేస్తే వెన్నంతా దూడ పొట్టలోకి పోతుంది.

దివి_పాడి:
ఆఖరి పాలు చిక్కగా ఉంటాయని మా అమ్మకి తెలుసు, అందుకే దూడకి అవే వదులుతుంది, దాని ఉసురు పోసుకోకూడదని. సెంటర్లో ఫ్యాట్‌తో దీన్ని మేమెవరం కలిపి ఆలోచించలా.

కొత్త_లెక్చరర్:
మూడు వారాలైంది, చెప్పాల్సింది చాలా ఉంది. ఇద్దరు పీజీ పిల్లల్ని తీసుకుని తెల్లారుజామున అయిదుకి ఆ పెద్దాయన పాకకి వెళ్ళాం. పాలు తీసేది వాళ్ళ కోడలు. ఆవిడని అడిగి మొదటి పాలు ఒక గిన్నెలో, మధ్యవి ఒక గిన్నెలో, దూడకి వదలబోయేవి ఒక గిన్నెలో పట్టాం. సెంటర్‌కి తీసుకెళ్ళి అందరి ముందే మిషన్లో పెట్టాం. మొదటి గిన్నె మూడున్నర దాటలేదు, ఆఖరి గిన్నె తొమ్మిది మీద చూపించింది. క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు, ఎక్కువ మంది ఆడవాళ్ళే, పాలు పోసి ఎవరూ వెళ్ళలేదు. నేను స్లైడ్లతో గంటలో చెప్పలేనిది అక్కడ పది నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన శాంపిల్స్ కాలేజీకి తెచ్చి ల్యాబ్‌లో వెన్న కొలిచే గెర్బర్ పద్ధతిలో మళ్ళీ చూశాం, రెండో ఏడాది పిల్లల ప్రాక్టికల్ కూడా ఆ రోజు అదే పెట్టాను. పెద్దాయన ఇంట్లో దూడ వాటా ఇప్పుడు ముందే ఇచ్చేస్తున్నారు, ఫ్యాట్ ఆరు దగ్గర నిలబడింది.

కానీ ఆ కోడలు నన్ను ఒక మాట అడిగింది, మరి దూడ సంగతేంటి అని. నాకూ అదే బెంగగా ఉంది.

రిటైర్డ్_ప్రొఫెసర్:
సరైన ప్రశ్న అడిగింది ఆ అమ్మాయి. కొలత తగ్గించకూడదు, పాల మీదే పెరిగే దూడకి రోజుకి ఒంటి బరువులో పదో వంతు పాలు చూసుకోండి. వెన్న తగ్గిన లోటుకి రెండో వారం నుంచే దూడల దాణా, లేత పచ్చిగడ్డి కొంచెం కొంచెం అలవాటు చెయ్యాలి. పదిహేను రోజులకోసారి ఛాతీ చుట్టుకొలత టేపుతో తీసి రాసుకోండి, పెరుగుదల ఆగితే ఆఖరి పాలు మళ్ళీ దూడకే వదిలెయ్యండి. రాసింది ఆ ఇంటివాళ్ళకి చూపించండి, నెల్లూరు తమ్ముడు చెప్పింది మర్చిపోకుండా.

కొత్త_లెక్చరర్:
అలాగే సార్. తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు, ఇంటికొక నోట్‌బుక్ ఇచ్చాం, ఒక కాపీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. పాలు తీయడానికి, దాణా కలపడానికి పట్టే టైం కూడా రాయమన్నాను. పల్ల_గొర్రె అన్నా, ఆ థీసిస్ దొరికింది, మీ ఊరి పేరుంది, పిల్లల తూకాలు పొట్టేలు వారీగా ఉన్నాయి. ట్యాగ్ నంబర్లు ఉన్నాయా?

పల్ల_గొర్రె:
ఉన్నాయి మేడమ్. నాన్న పాత క్యాలెండర్ వెనక రాసిపెట్టాడు. సాయంత్రం మంద వచ్చాక ఫోటో తీసి పంపుతా.