కేన్సర్ తగ్గాక పట్టుకున్న భయానికి వీడియో కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

సింధూర_కాకినాడ: అమ్మకి రొమ్ము కేన్సర్. కీమో, రేడియేషన్ అయిపోయాయి, మాత్రలు వాడుతోంది. చెకప్ దగ్గర పడితే చాలు, నిద్రపోదు. వీపు నొప్పి పుట్టినా మళ్ళీ వచ్చిందేమోనని ఏడుస్తుంది. డాక్టరు గారు వీడియోలో సైకాలజిస్టుతో మాట్లాడించమన్నారు. ఎవరైనా చేయించారా?

వేణు_కరీంనగర్: డబ్బు దండగండీ. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయ్యాక చేయించాం. సగం టైమ్ "వినబడుతోందా సార్" తోనే సరి. మనిషి ఎదురుగా లేకుండా ధైర్యం ఎట్లా వస్తుంది?

రాతిరిడ్యూటీ: నేను ఆంకాలజీ (కేన్సర్) వార్డు నర్సుని. ఇలాంటి భయానికి సైకాలజిస్టులు చేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స) అంటే ఊరికే ధైర్యం చెప్పడం కాదండీ. వీపు నొప్పి రాగానే ఏమనిపించింది, అప్పుడేం చేశారు, అలా అనుకోడానికి ఆధారమేంటి... ఇవన్నీ రాయిస్తారు. గడ్డ ఉందేమోనని పదే పదే తడుముకునే అలవాటు మెల్లగా తగ్గిస్తారు. ఇదంతా వీడియోలో కుదురుతుంది. స్టాక్‌హోమ్‌లో 2007 నుంచి ప్రభుత్వ వైద్యంలోనే ఇంటర్నెట్ సీబీటీ క్లినిక్ నడుస్తోంది. నొప్పి తగ్గకపోతే మాత్రం ముందు ఆంకాలజిస్టుకే చూపించాలి.

వేణు_కరీంనగర్: స్వీడన్ ముచ్చట నాకెందుకు? మా ఊళ్ళో సాయంత్రమైతే నెట్ ఉండదు.

చిన్నమాట: 14416, టెలీ మానస్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. మామూలు ఫోన్ కాలే. 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వేణు_కరీంనగర్: ఉచితమైతే మా దగ్గర ఫీజెందుకు గుంజారు?

రాతిరిడ్యూటీ: మీరు వెళ్ళింది ప్రైవేటుకి కదా. ఆ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగారా? క్లినికల్ సైకాలజిస్టుకి అది ఉండాలి. ఇంతకీ మీ నాన్నగారు ఏం మాట్లాడారు?

వేణు_కరీంనగర్: నోరు విప్పితేగా! పక్కనే కూర్చుని అడిగినవాటికన్నిటికీ నేనే జవాబు చెప్పాను.

రాతిరిడ్యూటీ: హమ్మయ్య, ఇప్పటికి బయటపడింది. కొడుకు పక్కనుంటే భయమేస్తోందని ఏ తండ్రి అంటాడండీ? నెట్‌ని ఎందుకు తిడతారు?

వేణు_కరీంనగర్: అంటే తప్పు నాదా? ఆపరేషన్‌కి పొలం అమ్మాను. రాత్రిళ్ళు కాళ్ళు పట్టింది నేను. నాతో చెప్పని మాట ముక్కూ మొహం తెలియనోడికి చెప్పాలా?

రాతిరిడ్యూటీ: పొలం అమ్మారు కాబట్టే మీతో చెప్పలేరు.

సింధూర_కాకినాడ: గొడవ ఆపండి ప్లీజ్. మాది రెండు గదుల ఇల్లు, అమ్మ గదికి గడియ కూడా లేదు. ఎక్కడ మాట్లాడించను?

సత్యవతి_అమ్మమ్మ: నేనూ రొమ్ము తీయించుకున్నదాన్నే తల్లీ. బట్టలు ఆరేసే వంకతో ఫోన్ పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. ముందు మీ అమ్మని అడుగు, ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా అని.

వేణు_కరీంనగర్: ఇంట్లోవాళ్ళ దగ్గర దాచడం గొప్పా అమ్మా?

సత్యవతి_అమ్మమ్మ: అద్దంలో చూసుకోబుద్ధి కావట్లేదని కొడుకుతో చెప్పమంటావా బాబూ?

వేణు_కరీంనగర్: అది వేరు. ఆ ఆర్‌సీఐ నంబరు ఎక్కడ చూడాలో చెప్పండి, ముందు ఆయన సంగతి తేలుస్తా.

చిన్నమాట: ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి.