సకురబా పతనానికి కారణం బరువా, మందా, రూలా?

ఆరెంజ్‌నిక్కరు:
ప్రైడ్ (జపాన్‌లో నడిచిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు) పాత ఫైట్ల థ్రెడ్‌లో, సకురబా ఎందుకు పడిపోయాడన్న ఈ గొడవ మొదలై అసలు టాపిక్‌ని మింగేస్తోంది. అందుకే ఇక్కడ విడిగా పెడుతున్నా. జపాన్ ఫైటర్ కజుషి సకురబా మొత్తం రికార్డు 26 గెలుపులు, 17 ఓటములు, 1 డ్రా, ఫలితం తేలనివి 2. దాన్ని 2000 డిసెంబరు దగ్గర రెండుగా కోస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది. అప్పటిదాకా 12 గెలుపులు, 2 ఓటములే. ఆ తర్వాత 14 గెలుపులు, 15 ఓటములు. ఒకే మనిషి, రెండు వేర్వేరు కెరీర్లు.

నా వాదన సూటిగా: తప్పు ప్రైడ్ నిర్వాహకులది. 85 కిలోలు కూడా దాటని మనిషిని వంద కిలోల పైనున్న ఇగోర్ వోవ్‌చాన్‌చిన్ మీదికి తోశారు, వందకు అటూ ఇటూ ఉన్న మిర్కో క్రోకాప్ మీదికి తోశారు, 93 కిలోల క్లాసులో వాండర్లే సిల్వా మీదికి ఒక్కసారి కాదు, మూడుసార్లు తోశారు. 83 కిలోల క్లాసంటూ ఒకటి పెట్టింది 2005లో. అప్పటికి సకురబాకి 36 ఏళ్లు. చేతులు కాలాక ఆకులు.

గోదారి_గార్డ్:
అన్నా, తక్కెడ రెండువైపులా పెట్టు. 1999 నవంబరులో రాయ్‌లర్ గ్రేసీని (బ్రెజిల్ జియుజిత్సు కుటుంబం గ్రేసీల్లో ఒకడు) ఓడించినప్పుడు రాయ్‌లర్ బరువెంత? 70 కిలోల లోపు. అప్పుడు బరువు మనవాడి వైపే ఉంది కదా, ఆ గెలుపుని ఎవరూ తగ్గించి చెప్పరే!

ఓటముల సంగతికొస్తే, 2003 మార్చిలో నినో షెంబ్రి చేతిలో మోకాళ్ల దెబ్బలకు పడిపోయాడు. షెంబ్రి జియుజిత్సు (నేల మీద పట్లు వేసే విద్య) మనిషి, దాదాపు సకురబా సైజే. 2008లో మెల్విన్ మాన్‌హూఫ్ ఒకటిన్నర నిమిషంలో కొట్టేశాడు, అదీ దగ్గర దగ్గర బరువే. బరువే కారణమైతే ఇవి ఎందుకు పోయాయి?

నిలబడి కొట్టుకునేటప్పుడు సకురబా చేతులు నడుం దగ్గరే ఉండేవి, తల కదిలేది కాదు. పైగా సిగరెట్, మందు సంగతి ఆయనెప్పుడూ దాచలేదు. 30 దాటాక దెబ్బ తిన్న ఒళ్లు కోలుకోవాలంటే ఆ అలవాట్లు కుదరవు. నిర్వాహకుల్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

పట్టుబాబు:
ఇద్దరూ సగం సగం చెప్పారు. అసలు సంగతి 2001 మార్చి 25న ఉంది, ప్రైడ్ 13. ఆ రోజు నుంచే మోకాళ్ల మీద, చేతుల మీద ఉన్నవాడి తలకి మోకాళ్లతో కొట్టడం, కాలితో తన్నడం రూల్ ప్రకారం ఒప్పయింది. అదే రోజు సకురబా మొదటిసారి సిల్వాతో దిగి 1 నిమిషం 38 సెకన్లలో ఓడిపోయాడు. ఎలా ఓడాడో చూడండి: మొదట ఆయన పంచ్‌కే సిల్వా తూలాడు. తర్వాత సిల్వా మోకాళ్లు తగిలాయి, సకురబా కాళ్ల కోసం కిందికి వంగాడు, దొరకలేదు, నాలుగు కాళ్ల మీద ఉండిపోయాడు, తలకి తన్నులు పడ్డాయి.

పాత రూళ్లలో ఆ "నాలుగు కాళ్ల మీద" ఉండటం ప్రమాదం కాదు, సకురబాకి అది వర్క్‌షాపు. ఒంటికాలు పట్టుకోబోతాడు, కాలు జారిపోతుంది, అవతలివాడు వెనక్కొచ్చి నడుం పట్టుకుంటాడు. అక్కడే చెయ్యి చిక్కించుకుని కిమురా పట్టు (చెయ్యి వీపు వెనక్కి మెలిపెట్టే పట్టు) వేస్తాడు. కావాలనే వీపు ఇచ్చేవాడు. వీపు ఇచ్చి చెయ్యి తీసుకోవడం ఆయన వ్యాపారం. రూలు మారగానే పెట్టుబడి పోయింది.

కొత్తబండి:
తెలియక అడుగుతున్నా, ఏమనుకోవద్దు. వెనక నుంచి నడుం పట్టుకున్నవాడి చేతికి ముందున్నవాడు మెలిక ఎలా వేస్తాడు? వీడియోలో నాకు ఎన్నిసార్లు చూసినా అర్థం కావట్లేదు. అంతా తిరిగిపోతారు, చివర్లో ఎవడో ఒకడు అరుస్తాడు.

పట్టుబాబు:
ఏమనుకోవడానికి ఏముందండీ. 2000 ఆగస్టు 27, ప్రైడ్ 10, రెంజో గ్రేసీ ఫైట్ చివరి అర నిమిషం మాత్రం పెట్టుకుని చూడండి. కుడి ఎడమలు మీ వీడియోకి తగ్గట్టు మార్చుకోండి, నేను ఎడమ చెయ్యి అనుకుని రాస్తున్నా.

వెనకవాడు రెండు చేతులూ మీ పొట్ట మీద కలిపి పట్టుకున్నాడు. మీ కుడిచేత్తో అతని ఎడమ మణికట్టు పట్టుకోవాలి. బొటనవేలు చుట్టూ తిప్పకుండా, అయిదు వేళ్లూ ఒకేవైపు కొక్కెంలా పెట్టాలి. మీ ఎడమచెయ్యి అతని ఎడమ మోచేతి పైనుంచి వెళ్లి, కిందుగా లోపలికొచ్చి, మీ కుడి మణికట్టునే పట్టుకోవాలి. ఇప్పుడు 4 అంకె ఆకారం వస్తుంది. ఇంతవరకు అతనికి నొప్పేం ఉండదు, చాలామంది పట్టు వదలకుండా ఇక్కడే ఉండిపోతారు. అదే తప్పు.

తర్వాత నడుం ముందుకు తోసి, అతని మణికట్టుని మీ ఒంటికి దూరంగా కిందికి నెడితే చేతులు విడిపోతాయి. విడిపోయిన క్షణంలోనే పాదం మార్చి అతని వైపు తిరగాలి. మోచెయ్యి మడిచే ఉండాలి, దాదాపు 90 డిగ్రీలు, మీ ఛాతీకి అతుక్కుని ఉండాలి. అప్పుడు అతని అరచెయ్యి వీపు వెనగ్గా తల వైపు వెళ్తుంది. ఒత్తిడి భుజం మీద పడుతుంది. భుజం తిరగడానికి జాగా లేకపోతే మోచెయ్యి పోతుంది. రెంజోకి పోయింది మోచెయ్యే. రెండో రౌండు 9:43 దగ్గర, ఇంకో 17 సెకన్లు ఆగితే బెల్లు మోగేది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే: మోచెయ్యి ఛాతీకి జానెడు దూరమైనా అతను చెయ్యి చాపేస్తాడు, పట్టు చచ్చిపోతుంది. లేదా తన నిక్కరు అంచు తనే పట్టుకుంటాడు. అది విడిపించడానికి మీరు గుంజుతుంటే మీ వీపు ఎక్కుతాడు. అన్నిటికంటే పెద్దది, మీరు తిరిగేటప్పుడు మీ తల కిందికి ఉంటుంది, చేతులు రెండూ పనిలో ఉంటాయి. ప్రైడ్ 13 తర్వాత ఆ తలకి కాపలా లేదు.

గోదారి_గార్డ్:
పట్టు వివరం బాగుంది, ఒప్పుకుంటా. ఒక్క మాట చేర్చాలి. ఈ పట్టుకి పేరు వచ్చింది మసహికో కిమురా నుంచి. 1951లో మరకానాలో హీలియో గ్రేసీ చెయ్యి ఈ పట్టుతోనే విరిచాడు. రాయ్‌లర్, రాయ్స్ ఇద్దరూ హీలియో కొడుకులే. తండ్రి చెయ్యి విరిచిన పట్టుకే, 48 ఏళ్ల తర్వాత, రాయ్‌లర్ దొరికిపోయాడు. సకురబా మాత్రం దీన్ని జూడో నుంచి తెచ్చుకోలేదు, యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్‌లో (జపాన్ ప్రొ రెజ్లింగ్ సంస్థ) బిల్లీ రాబిన్‌సన్ నేర్పిన క్యాచ్ రెజ్లింగ్ (పట్లతో లొంగదీసే పాత కుస్తీ) నుంచి వచ్చింది. అక్కడ దీన్ని డబుల్ రిస్ట్‌లాక్ అంటారు.

ఇక నీ రూలు వాదన. 2001 జులైలో క్వింటన్ జాక్సన్‌ని ఓడించింది కొత్త రూళ్ల కిందే కదా? జాక్సన్ పైకెత్తి నేలకేసి బాదాడు, అయినా 5:41 దగ్గర వెనక నుంచి గొంతు పట్టు పడింది. 2003 నవంబరులో కెవిన్ రాండిల్‌మన్‌ని మూడో రౌండులో ఆర్మ్‌బార్‌తో (మోచెయ్యి వెనక్కి వంచే పట్టు) ఓడించాడు. రూలు మారింది కాబట్టి ఆట అయిపోయిందంటే ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

పట్టుబాబు:
మంచి పాయింటే. జాక్సన్ ఫైట్లో ఆయన వీపు ఇవ్వలేదు, తీసుకున్నాడు. కాబట్టి పద్ధతి మార్చుకోవడం తెలుసు. కానీ ఒంటికాలికి వెళ్లే అలవాటు అంత తొందరగా పోదు. కంగారులో ఒళ్లు పాతదారే పడుతుంది.

నా వాదనలో ఓటి చోటు ఒకటుంది, మీరు పట్టుకునేలోపు నేనే చెప్తా. 2001 నవంబరు 3, టోక్యో డోమ్, సిల్వాతో రెండో ఫైట్, మిడిల్‌వెయిట్ బెల్టు కోసం. అక్కడ తన్నులతో ఓడలేదు. గిలటిన్ (ముందు నుంచి మెడ నొక్కే పట్టు) వేసి వేలాడుతుంటే సిల్వా ఎత్తి కింద పడేశాడు, కాలర్‌బోన్ విరిగింది, మొదటి రౌండు అయ్యాక డాక్టర్ ఆపేశారు. దానికీ రూలుకీ సంబంధం లేదు. అది బరువే. ఆ ఒక్కటి ఆరెంజ్ గారికి ఇచ్చేస్తున్నా.

ఆరెంజ్‌నిక్కరు:
దయతలిచారు :) అయితే మిగతావి కూడా లెక్కపెడదాం. 2000 తర్వాతి 15 ఓటముల్లో జడ్జీల తీర్పుతో పోయినవి 4: రొజేరియో నొగేరా, 2007 రాయ్స్, కియోషి తమురా, రాలెక్ గ్రేసీ. పట్టుకి లొంగినవి రెండే, జేసన్ మిల్లర్, యాన్ కాబ్రల్, అవీ 41, 42 ఏళ్ల వయసులో. మిగిలిన 9 దెబ్బలతోనో, గాయంతోనో, డాక్టరో కార్నరో (రింగు పక్కనుండే సొంత జట్టు) ఆపడంతోనో ముగిశాయి. నేల మీద ఆయన్ని పట్టుతో లొంగదీసినవాడు 1996లో కిమో తర్వాత 2010 దాకా లేడు. 14 ఏళ్లు! ఆట తీరులో లోపం అనేవాళ్లు ఈ అంకె ముందు పెట్టుకుని మాట్లాడాలి.

ఇంకోటి, 2000 మే 1న రాయ్స్ గ్రేసీతో ఫైట్ ఎవరూ ఎత్తట్లేదేం? గ్రేసీలు అడిగిన రూళ్లు: 15 నిమిషాల రౌండ్లు, ఎన్నయినా. రెఫరీ ఆపకూడదు. రాయ్‌లర్ ఫైట్‌ని రెఫరీ ఆపేశాడన్న కోపం అది. ఆరు రౌండ్లు అయ్యాయి, 90 నిమిషాలు. కాలి మీద తన్నులు తిని తిని రాయ్స్ ఇక నిలబడలేని స్థితికి వచ్చాడు, కార్నర్ ఇక చాలని టవల్ వేసింది. అదే రాత్రి సకురబా మళ్లీ దిగి వోవ్‌చాన్‌చిన్‌తో 15 నిమిషాలు పోరాడాడు, అదనపు రౌండు అనేసరికి ఈసారి సకురబా కార్నరే టవల్ వేసింది. మొత్తం 105 నిమిషాలు. ఇలాంటి బ్రాకెట్ గీసినవాడిని ఏమనాలి?

సైతామా_సీటు:
చదువుతూ కూర్చున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. మీరు ముగ్గురూ మరిచిపోయిన నాలుగోవాడు ఉన్నాడు: ఆపాల్సినప్పుడు ఆపనివాడు.

2006 ఆగస్టు 5, హీరోస్ అనే పోటీలు, కెస్టుటిస్ స్మిర్నోవాస్‌తో. మొదటి రౌండులో సకురబా తాళ్లలోకి పడిపోయి దాదాపు స్పృహ లేకుండా దెబ్బలు తింటున్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో అయిపోయేది. రెఫరీ ఆపలేదు. తర్వాత కోలుకుని 6:41కి ఆర్మ్‌బార్‌తో గెలిచాడు, అందరూ చప్పట్లు. గెలిచాడు కాబట్టి అది గొప్ప కథ అయింది. నా లెక్కలో ఆ రాత్రి రికార్డులో గెలుపు, ఒంటికి ఓటమి.

అదే ఏడాది డిసెంబరు 31న యోషిహిరో అకియామా. జారిపోతున్నాడు, ఒంటికేదో రాసుకున్నాడని సకురబా ఫైట్ మధ్యలోనే మొత్తుకున్నాడు, వినకుండా కొనసాగించారు. తర్వాత చర్మానికి క్రీము రాసుకున్నట్టు తేలింది, ఫలితం రద్దయింది. తిన్న దెబ్బలు రద్దవుతాయా? కాలు పట్టుకునే ఆటగాడికి అవతలి చర్మం జారడమంటే చేతులు కట్టేసినట్టే.

2010 చివరి రోజు జారొమ్‌స్కిస్‌తో చెవి చిరిగి వేలాడింది, డాక్టర్ ఆపారు. 2015లో 46 ఏళ్ల వయసులో షిన్యా అవోకి కింద పడి మొదటి రౌండంతా తింటుంటే, 5:56 దాకా టవల్ రాలేదు. ఆ కార్నర్ ఏం చూస్తూ కూర్చుందో!

గోదారి_గార్డ్:
ఇది బలమైన మాట, కాదనను. కానీ ఆపనివ్వనివాడు ఎవరు? ప్రతి డిసెంబరు 31కీ బరిలోకి వస్తానన్నది ఆయనే కదా.

నా మాట కొంచెం సర్దుకుంటున్నా. మందు, సిగరెట్ మొదటి కారణం కాదు. 2001లో పడ్డ దెబ్బల నుంచి పూర్తిగా తేరుకోకుండా చేసిన కారణం. షెంబ్రి ఫైట్ నాకు అందుకే ముఖ్యం. ఆ మోకాళ్లు 1999 సకురబా తిని నిలబడేవాడు.

ఆరెంజ్‌నిక్కరు:
ఆ మాటకొస్తే 2005లో అరోనా చేతిలో ఓడాక ఆయన వెళ్లింది ఎక్కడికి? బ్రెజిల్, కురిచీబా, షూట్ బాక్స్ జిమ్. తనని మూడుసార్లు ఓడించిన సిల్వా జిమ్‌కి! నిలబడి కొట్టడం నేర్చుకోవడానికి. అక్టోబరులో కెన్ షామ్రాక్‌ని పంచ్‌లతోనే ఆపాడు. కాబట్టి నేర్చుకోడు అనొద్దు.

కొత్తబండి:
పట్టుబాబు గారూ, మీరు చెప్పినట్టు రెంజో ఫైట్ చివరి ముక్క స్లోమోషన్‌లో చూశా. మణికట్టు, 4 అంకె ఇప్పుడు కనిపించాయి. కానీ తిరిగేటప్పుడు రెంజో ఎందుకు వదిలి పక్కకి దూకలేదు?

పట్టుబాబు:
వదిలే దశ దాటిపోయింది. చేతులు విడిపోయేదాకా ఆయన చేతిలో పనే, విడిపోయాక సకురబా చేతిలో పని. రెంజో చేతులు కలిపే ఉంచుకుని సకురబా వీపుకి తల ఆనించి ఉంటే బెల్లు దాకా లాగేవాడేమో. ఇప్పుడు రాయ్స్ ఫైట్ పెట్టండి. అక్కడా ఇదే పట్టు ఎన్నోసార్లు పడింది, విరగలేదు. రాయ్స్ విడిపించుకునే తొందరలో లేడు, వెనక అతుక్కుని నిలబడ్డాడు. రెండూ పక్కపక్కన పెట్టి రెంజో తల, రాయ్స్ తల ఎక్కడున్నాయో చూసి మళ్లీ రాయండి.